ఆఖరి బెంచీ... అడవిలో ఉంది!

పులి అడుగు కదిపితే చాలు, ఫొటో తీసే కెమెరాలున్నాయి అమ్రాబాద్ అడవిలో. అదే అడవిలో బడికెళ్లే చెంచు పిల్లల్లో చాలామందికి కంప్యూటర్ అంటే ఇంకా పుస్తకంలో బొమ్మే. పట్నం బడులు ఏఐ పాఠాల దాకా వెళ్లిపోయాయి. మరి నల్లమల లోపలి తరగతి గదికి తెర ఎప్పుడు చేరుతుంది? చేరినా, అది వెలిగేదెలా?

క్లిక్!

అర్ధరాత్రి. నల్లమల నడిబొడ్డున నీటిగుంట పక్కన చెట్టు మొదలుకు కట్టిన చిన్న పెట్టె ఒకటి ఉన్నట్టుండి కన్ను తెరిచింది. ఎదురుగా పెద్దపులి. దాహానికి వచ్చినట్టుంది. కదలికనూ ఒంటి వేడినీ పసిగట్టిన పెట్టె ఫొటో తీసేసింది. తేదీ, సమయం కూడా దాని మీదే పడిపోయాయి. మనుషుల్లో వేలిముద్రల్లాగే పులుల్లోనూ ఏ రెండింటి చారలూ ఒకేలా ఉండవు. కాబట్టి ఆ ఒక్క ఫొటో చాలు, నీళ్లు తాగి వెళ్లింది ఏ పులో కంప్యూటర్ తేల్చి చెప్పేస్తుంది.

తెల్లారింది. అదే అడవిలో ఓ చెంచుపెంట. ఒకటే గది, ఒకరే టీచరు, గోడకో నల్లబల్ల. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలంతా ఆ గదిలోనే. వాళ్ల చేతుల్లోని పాఠ్యపుస్తకాలు మాత్రం కొత్తవి, రంగురంగులవి. పాఠం పక్కనే నలుపూ తెలుపూ గళ్లతో ఓ చదరం ఉంటుంది. క్యూఆర్ కోడ్ అన్నమాట. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠం వీడియోగా వస్తుంది. 2017లో మొదలైన 'దీక్ష' వేదిక పుణ్యమా అని ఇప్పుడు దేశమంతటా పుస్తకాల్లో ఇవి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో పిల్లాడికి అది పాఠంలోకి తలుపు. సిగ్నల్ లేని పెంటలో అదే పుస్తకం పట్టుకున్న పిల్లాడికి అదొక ముగ్గు!

చెక్‌పోస్టు దాటితే...

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారి మీకు తెలిసే ఉంటుంది. డిండి దాటి, మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి చేరేసరికి గాలి మారిపోతుంది. రాత్రి 9 గంటలయితే అక్కడి గేటు పడిపోతుంది, మళ్లీ తెరిచేది పొద్దున 6కే. వన్యప్రాణులు నిశ్చింతగా రోడ్డు దాటాలని ఆ ఏర్పాటు. మన్ననూరు నుంచి పక్కకు తిరిగితే అమ్రాబాద్. 2016 అక్టోబరు దాకా ఇది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్. ఊరి పేరుతోనే ఉన్న అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని అతిపెద్ద పులుల అభయారణ్యాల్లో ఇదీ ఒకటి.

ఈ అడవికి పులులకంటే ముందు గుర్తొచ్చే మనుషులు చెంచులు. అప్పాపూర్, భౌరాపూర్, రాంపూర్, మేడిమల్కల... ఇలా లోపలెక్కడో విసిరేసినట్టుండే వాళ్ల ఆవాసాలే పెంటలు. (మైదానం వాళ్లు ఆ మాట విని నవ్వొద్దు. ఇక్కడ పెంట అంటే ఊరు!) తేనె, ఇప్పపువ్వు, జిగురు, తునికాకు - కాలాన్ని బట్టి అడవి ఇచ్చినవే వాళ్ల ఆదాయం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో చెంచులు 64 వేల పైచిలుకు. కేంద్రం 'ప్రత్యేకంగా దుర్బలమైన గిరిజన సమూహం'గా గుర్తించిన తెగల్లో వాళ్లూ ఉన్నారు. ఇంట్లో పుస్తకాలుండవు. ఊళ్లో గ్రంథాలయం ఉండదు. నెట్ సెంటర్ మాట సరేసరి. పట్నంలో పిల్లాడికి బడిలో కంప్యూటర్ లేకపోయినా ఇంట్లో ఫోనుంటుంది, పక్కింట్లో ల్యాప్‌టాప్ ఉంటుంది, బాబాయి ఆఫీసులో ప్రింటరుంటుంది. చెంచు పిల్లాడికి అలాంటి రెండో దారి లేదు. తెర కనిపిస్తే బడిలోనే కనిపించాలి. లేకపోతే లేదు.

నాన్న చేతిలో ఉంది... కొడుకు బడిలో లేదు!

అడవికి టెక్నాలజీ రాదు, అక్కడ పనిచెయ్యదు అనుకుంటే పొరపాటు. 2018లో జరిగిన నాలుగో జాతీయ పులుల గణనను తీసుకోండి. దేశవ్యాప్తంగా 26,838 చోట్ల కెమెరాలు బిగించారు. అవి తీసిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షలు. ప్రపంచంలోనే అతిపెద్ద కెమెరా సర్వే అంటూ గిన్నిస్ పుస్తకం కూడా దాన్ని ఎక్కించుకుంది.

దాంతోపాటు చెప్పుకోవాల్సింది 'ఎం-స్ట్రైప్స్' అనే మొబైల్ యాప్. గస్తీ తిరిగే అటవీ సిబ్బంది ఎటు నడిచారో, ఎక్కడ పాదముద్ర చూశారో, ఎక్కడ ఉచ్చు దొరికిందో అన్నీ ఆ యాప్‌లో నమోదవుతాయి. అడవిలో సిగ్నల్ ఉండదన్న సంగతి దాన్ని తయారుచేసిన వాళ్లకు ముందే తెలుసు. అందుకే నెట్ లేకపోయినా పనిచేసేలా, ఉపగ్రహాల సాయంతో జాడ గుర్తుపెట్టుకుని, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక సమాచారం పంపేలా తీర్చిదిద్దారు. అమ్రాబాద్ అభయారణ్యంలో ఆ గస్తీ బృందాలకు దారి చూపేది ఎవరనుకున్నారు? చాలావరకు చెంచులే. పులి జాడ పట్టడంలో వాళ్లను మించినవాళ్లు లేరు కాబట్టే అటవీశాఖ వాళ్లను వాచర్లుగా పెట్టుకుంది.

అంటే, నాన్న నడిచే దారిలో సెల్‌ఫోన్ సాంకేతికత పనిచేస్తోంది. కొడుకు చదివే బడిలో పనిచేయడం లేదు. పులిని కాపాడుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. పులి కోసం 'సిగ్నల్ లేని చోట ఎలా?' అని ముందే ఆలోచించిన దేశం, పిల్లాడి విషయంలో మాత్రం 'సిగ్నల్ లేదు కదా' దగ్గరే ఆగిపోయింది. ఆ తేడాయే మింగుడు పడదు.

ఎలుకంటే... ఇదా!

ఇదంతా ఏదో సరదా వ్యవహారమైతే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. కానీ ఎక్కడ తేలుతుందో చూడండి.

తెలంగాణలో 2018 నుంచి ఎంసెట్ పూర్తిగా కంప్యూటర్ మీదే జరుగుతోంది. పేరు ఇప్పుడు ఈఏపీసెట్ అయింది. ఇంజినీరింగ్ విభాగంలో 3 గంటల్లో 160 ప్రశ్నలు. లెక్కేస్తే ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. కాగితం మీద గుండ్రాలు దిద్దే రోజులు పోయాయి. ఇప్పుడు మౌస్ కదపాలి, సరైన చోట నొక్కాలి, 'సేవ్ అండ్ నెక్స్ట్' కొట్టాలి, పక్కన తరిగిపోతున్న గడియారాన్ని ఓ కంట చూడాలి. ఇంట్లో కంప్యూటర్ ముందు పెరిగిన పిల్లలకు ఇదంతా మంచినీళ్ల ప్రాయం.

ఇప్పుడు ఇలా ఊహించండి. పెంటలో ప్రాథమిక బడి, తర్వాత ఆశ్రమ పాఠశాల, ఆపైన గురుకులం. వాళ్ల వంశంలో ఇంటర్ దాకా వచ్చిన మొదటి పిల్ల. లెక్కలు వచ్చు. ఫిజిక్స్ వచ్చు. పరీక్ష కేంద్రంలో మౌస్ మీద చెయ్యేస్తే బాణం గుర్తు తెర అంచుకు జారిపోతోంది. దాన్ని మళ్లీ మధ్యకు తెచ్చుకునేసరికి మూడు ప్రశ్నల సమయం ఆవిరి. పన్నెండేళ్ల చదువును ఆ పిల్ల తక్కువగా చదవలేదు. అరచేతిలో ఇమిడే ఆ 'ఎలుక'తో ముందే స్నేహం కుదరలేదు, అంతే.

ఇంజినీరింగ్ సంగతి వదిలేసినా తప్పించుకునే వీల్లేదు. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి 'దోస్త్' ఆన్‌లైన్ ప్రవేశాలు. సర్కారు కొలువుకు దరఖాస్తు ఆన్‌లైన్. కుల ధ్రువపత్రానికి మీసేవ. స్కాలర్‌షిప్పుకూ అంతే. పుస్తకం చదవడం రాకపోతే ఒకప్పుడు వేలిముద్ర వేయించేవారు. ఇప్పుడు తెర చదవడం రాకపోతే ఇంకొకరి చేతికి ఫోనిచ్చి, పాస్‌వర్డ్ కూడా చెప్పేసి పక్కన నిలబడాలి. వేలిముద్ర కంటే ఇదేం మేలు?

1975లోనే ఆకాశం నుంచి పాఠం!

మారుమూల బడికి టెక్నాలజీ చేర్చాలన్న ఆలోచన కొత్తదేం కాదు. ఆ మాటకొస్తే యాభై ఏళ్ల కిందటే మనం ప్రపంచానికి చూపించాం. 1975 ఆగస్టు 1న 'సైట్' ప్రయోగం మొదలైంది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6ను ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు ఇస్రో టీవీ పాఠాలు చేరవేసింది. పల్లెల్లో కోళ్లగూటికి వాడే వలలాంటి జాలీతో చేసిన గొడుగు యాంటెన్నాలు, వాటి కింద టీవీ. పొద్దుటిపూట బడి పిల్లలకు ఒక్కో భాషలో 22 నిమిషాల 30 సెకన్ల కార్యక్రమం. అందులో తెలుగూ ఉంది. టవర్ లేదు, కేబుల్ లేదు, నేరుగా ఆకాశం నుంచి పాఠం! శ్రీలంకలో ఉండే ప్రఖ్యాత సైన్స్ రచయిత ఆర్థర్ సి క్లార్క్ ఇంటికీ ఇస్రో ఒక సెట్ పంపింది. 1976 జులై 31తో గడువు తీరింది, ఉపగ్రహం వెళ్లిపోయింది. పాఠమూ ఆగింది.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. 2000 దశకంలో ఉమ్మడి రాష్ట్రంలో ఆకాశవాణి 'విందాం నేర్చుకుందాం' అంటూ ప్రాథమిక తరగతులకు రేడియో పాఠాలు వినిపించింది. ఉపగ్రహం ద్వారా 'మన టీవీ' వచ్చింది. 2004 సెప్టెంబరు 20న చదువు కోసమే ప్రత్యేకంగా ఎడ్యుశాట్ నింగికెగిరింది. 2008లో అయిదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లొచ్చాయి. ప్రైవేటు సంస్థలు అయిదేళ్లు నడిపి, తర్వాత బడికి అప్పగించి వెళ్లాలన్నది ఒప్పందం. అయిదేళ్లూ గడిచాయి. బోధకులు వెళ్లిపోయారు, యంత్రాలు మిగిలాయి. చాలాచోట్ల ఆ గదికి తాళం పడింది. తాళంచెవి ఎవరి దగ్గరుందంటే... అదో పెద్ద కథ. 2016 నవంబరులో తెలంగాణ ఉన్నత పాఠశాలల్లో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. 2022 మార్చి 8న పక్కనే ఉన్న వనపర్తిలోనే 'మన ఊరు - మన బడి'కి శ్రీకారం చుట్టారు. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయల అంచనా, తొలి విడతలో 9,123 బడులు. బాగుచేయాల్సిన 12 అంశాల జాబితాలో మరుగుదొడ్లు, కరెంటుతోపాటు డిజిటల్ సదుపాయాలకూ చోటిచ్చారు.

ఇన్ని పథకాల్లో ఒక పోలిక కనిపిస్తుంది. పెట్టె రావడం పండగలా ఉంటుంది. ఫొటోలుంటాయి, రిబ్బన్ కత్తిరింపులుంటాయి. ఆ పెట్టెకు మూడో ఏట బ్యాటరీ పోతే కొత్తది ఎవరు కొనాలన్న కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. మైదానం బడికి మెకానిక్కు మర్నాడొస్తాడు. అడవి బడికి? చెక్‌పోస్టు దాటి, మట్టిదారిలో జీపు పట్టుకుని, వాన లేని రోజు చూసుకుని రావాలి!

ఆ సెప్టెంబరు 1

ఈ లెక్కలన్నీ ఒక్కసారిగా బయటపడింది 2020లో. మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు టీవీ పాఠాలు. దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో తరగతులవారీగా వేళలు ఖరారయ్యాయి. టీచర్లు ఫోన్లు చేసి ఎవరు చూశారో, ఎవరు చూడలేదో పట్టిక రాసుకోవాలి. మంచి ప్రయత్నమే. టీవీ ఉన్న ఇంటికి.

ఆశ్రమ పాఠశాలలు మూసేయడంతో చెంచు పిల్లలు పెంటలకు తిరిగొచ్చేశారు. కరెంటు తీగ చేరని పెంటలో టీవీ ఎక్కడిది? సిగ్నల్ అందని చోట టీచరు ఫోన్ చేసేదెవరికి? పట్నంలో తల్లిదండ్రులు 'మావాడు పొద్దస్తమానం ఫోనే' అని తల పట్టుకుంటున్న రోజుల్లో ఇక్కడి పిల్లలు అమ్మానాన్నల వెంట అడవికి వెళ్లారు. 2021 ఫిబ్రవరిలో పై తరగతుల వాళ్లకు బడులు తెరిచినట్టే తెరిచి మార్చిలో మళ్లీ మూశారు. అందరికీ తలుపులు తెరుచుకుంది ఆ ఏడాది సెప్టెంబరు 1నే. రెండో తరగతిలో బడి వదిలిన పిల్ల అక్షరాలు మరిచిపోయి నాలుగులో కూర్చుంది.

అదే సమయంలో కేరళ ఏం చేసిందో చూడటం అవసరం. అక్కడ 2020 జూన్ 1నే 'ఫస్ట్ బెల్' పేరుతో విక్టర్స్ చానల్లో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని పిల్లల సంగతి అక్కడా మొదటి రోజే బయటపడింది. దాంతో గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో, గిరిజన గూడేల్లోని సామూహిక అధ్యయన కేంద్రాల్లో టీవీలు పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టారు. అంత త్వరగా చేయగలగడానికి కారణం ఆ ఏడాది చేసిన పని కాదు. 2001 నుంచే 'ఐటీ ఎట్ స్కూల్' నడుస్తోంది అక్కడ. 2018 నుంచి 4,752 బడుల్లో 45 వేల తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ బిగించారు. అయిదేళ్ల వారంటీ రాయించుకున్నారు. యంత్రం మొరాయిస్తే ఫిర్యాదు చేసేందుకు కాల్‌సెంటర్, వెబ్‌సైట్ పెట్టారు. వీటన్నిటికంటే ముచ్చటైన పని ఇంకోటుంది: 'లిటిల్ కైట్స్' పేరుతో హైస్కూలు పిల్లలతోనే క్లబ్బులు కట్టించారు. బడిలోని పరికరాల బాగోగులు చూసే బృందంలో వాళ్లూ భాగమే. ఏ వైరు ఎందులో పెట్టాలో తెలియని పెద్దల కంటే వాళ్లే నయం!

తీగ రావాలంటే దారుంది

'అదంతా అడవండీ... కోర్ ఏరియా... తీగ లాగకూడదు' అనేది తరచూ వినిపించే మాట. సగం నిజం. చట్టాన్ని పూర్తిగా చదివితే మిగతా సగం కనిపిస్తుంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) అని ఒకటుంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, కరెంటు, టెలిఫోన్ తీగలు, సౌరశక్తి లాంటి సంప్రదాయేతర ఇంధన ఏర్పాట్లు... ఇలా మొత్తం 13 రకాల సదుపాయాలకు అటవీ భూమి ఇవ్వొచ్చని అందులో ఉంది. షరతులు రెండే. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమే తీసుకోవాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. వీటికి తోడు ముందుగా గ్రామసభ సిఫార్సు చెయ్యాలి.

పులుల కోర్ ప్రాంతంలో వన్యప్రాణి చట్టం నిబంధనలూ కలుస్తాయి కాబట్టి ఫైలు నిదానంగానే కదులుతుంది. పెంటలను బయటికి తరలించే ప్రతిపాదనలు ఇంకోపక్క ఉండనే ఉన్నాయి. ఎలాగూ తరలిపోయే ఊరికి తీగెందుకన్న ఆలోచన ఎక్కడైనా ఉంటే, ఆ తరలింపు తేలేలోగా ఒక పిల్లాడి ప్రాథమిక చదువు మొత్తం అయిపోతుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2023 నవంబరు 15న మొదలైన 'పీఎం జన్‌మన్' పథకం చెంచుల్లాంటి తెగల ఆవాసాలకు ఇళ్లు, రోడ్లతోపాటు కరెంటు, మొబైల్ టవర్లు ఇస్తానంటోంది. మంచిదే. టవర్ వచ్చేదాకా బడి ఆగాలా అన్నదే ప్రశ్న.

ఒక్క టీచరు... అయిదు తరగతులు

ఆగక్కర్లేదు. నిజానికి తెర అవసరం ఎక్కువగా ఉన్నది కార్పొరేట్ బడిలో కాదు, ఇలాంటి ఏకోపాధ్యాయ పాఠశాలలోనే. అయిదు తరగతులకు ఒక్కరే టీచరైతే ఏం జరుగుతుంది? మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే మిగతా నాలుగు తరగతులూ ఎక్కాలు రాస్తూ కూర్చుంటాయి. అరగంటకు గోల మొదలు. అదే గదిలో ఓ మూల టీవీ ఉండి, అయిదో తరగతి పిల్లలు సైన్స్ పాఠం చూస్తుంటే, టీచరు ఒకటో తరగతి పిల్లల పక్కన నేల మీద కూర్చుని వాళ్ల చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించొచ్చు. తెర వచ్చి టీచరు స్థానాన్ని లాక్కోవడం ఉండదు. టీచరుకు ఖాళీ దొరకని ఆ అరగంట చేతికొస్తుంది.

దీనికి ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. 2012లో బయటికొచ్చిన 'రాస్ప్‌బెర్రీ పై' అనే బుల్లి కంప్యూటర్ ఏటీఎం కార్డంత ఉంటుంది. అందులో పాఠాలన్నీ నింపేస్తే తనచుట్టూ తనే ఒక చిన్న వైఫై వల పరుస్తుంది. గదిలోని ట్యాబ్‌లన్నీ దానికి తగులుకుంటాయి. 'కొలిబ్రి' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఇలా నెట్ లేని బడుల కోసమే తయారుచేశారు. నెలకోసారి టీచరు మండల కేంద్రానికి సమావేశానికి వెళ్లినప్పుడు కొత్త పాఠాలు ఎక్కించుకు రావొచ్చు. ఎం-స్ట్రైప్స్ యాప్ చేసే పనీ ఇదే కదా!

మరి కరెంటు? లెక్కేద్దాం. 43 అంగుళాల టీవీ వంద వాట్ల లోపే తీసుకుంటుంది. రోజుకు మూడు గంటలు నడిస్తే 300 వాట్-అవర్లు. ఇరవై ట్యాబ్‌లను నిండా చార్జ్ చేయడానికి ఇంకో 400. బుల్లి కంప్యూటర్‌ది లెక్కలోకే రాదు. మొత్తం కలిపినా ఒక యూనిట్ లోపే. ఎండ బాగా ఉన్న రోజు 330 వాట్ల సౌర పలక ఒక్కటి అంతకంటే ఎక్కువే ఇస్తుంది. ముసురు రోజుల కోసం ఒక బ్యాటరీ పక్కన ఉండాలి. పలక మీద దుమ్ము తుడవాలి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకోవాలి, కోతులు వైర్లు పీకకుండా గొట్టంలో నుంచి తీసుకెళ్లాలి. ఆ కోతుల ఖర్చు టెండరు కాగితాల్లో రాయరు. నల్లమలలో అసలు ఖర్చు అదే!

ఏ తెలుగులో చెప్పాలి?

పెట్టె వచ్చింది, వెలిగింది అనుకుందాం. అందులో ఏముండాలి?

చెంచులు మాట్లాడేది తెలుగే. యాసే వేరు. ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, సవర లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చినప్పుడు చెంచు పిల్లలు ఆ లెక్కలోకి రాలేదు. తెలుగే కదా అని! కానీ డిజిటల్ పాఠంలో గడగడా వినిపించే పుస్తకాల తెలుగు, మధ్యమధ్య ఇంగ్లిషు పదాలు, పెంటలో పుట్టిన ఆరేళ్ల పిల్లకు సగం పరాయి భాషే. రోడ్డు భద్రత పాఠంలో జీబ్రా గీతలు, ట్రాఫిక్ దీపాలు చూపిస్తారు. ఆ పిల్ల రోజూ దాటే దారిలో ఎలుగుబంటి ఎదురుపడితే ఏం చెయ్యాలో చెప్పే పాఠం మాత్రం ఎక్కడా ఉండదు. నిజానికి ఆ పాఠం ఆ పిల్లే చెప్పగలదు.

అసలు మలుపు అక్కడుంది. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఇదే అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచుల మధ్య గడిపాడు. 1943లో వాళ్ల మీద పెద్ద పుస్తకం అచ్చేశాడు. తేనె తీయడం నుంచి పెళ్లి దాకా అన్నీ అందులోకెక్కాయి. రాసింది ఆయన, చదివింది ప్రపంచం. ఎవరి గురించి రాశాడో వాళ్లు మాత్రం దాన్ని చదవలేని స్థితిలో ఉండిపోయారు. బడిలో ఒక కెమెరా, ఒక రికార్డర్ ఉంటే అదే పెంటలోని అయిదో తరగతి పిల్లలు తాత దగ్గర కూర్చుని ఏ చెట్టు బెరడు దేనికి మందో, తేనెపట్టు ఏ నెలలో నిండుతుందో తమ యాసలోనే వీడియో తీయగలరు. రేపు ఒకటో తరగతికి వచ్చే చెల్లికి అదే పాఠం. తెర ముందు కూర్చుని చూడటం ఒకటే చదువు కాదని పట్నం బడులూ నెమ్మదిగా గ్రహిస్తున్నాయి.

పంచితే సరిపోదు

జాగ్రత్తలూ చెప్పుకోవాలి. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పేద పిల్లలకు పది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచింది. బోధనతో వాటిని ముడిపెట్టలేదు. చదువు మెరుగుపడలేదని 2023 నాటి యునెస్కో ప్రపంచ విద్యా నివేదిక తేల్చింది. అదే ఏడాది స్వీడన్ చిన్నపిల్లల చేతుల్లోంచి ట్యాబ్‌లు తగ్గించి మళ్లీ అచ్చు పుస్తకాల వైపు మళ్లింది. మన దగ్గర 2024 'అసర్' సర్వేలో, పల్లెల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని తేలింది. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం! ఇవి చూసి 'అడవి పిల్లలకు ఈ తలనొప్పి ఎందుకు' అనేవాళ్లూ ఉన్నారు. స్వీడన్ పిల్లాడు అన్నీ తిన్నాక ఉపవాసం చేస్తున్నాడు. వడ్డించని విస్తరి ముందు కూర్చున్నవాడికి ఆ ఉపవాసం గొప్పతనం చెప్పడం ఏం న్యాయం?

2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో 64.7 శాతం బడుల్లో కంప్యూటర్లు, 63.5 శాతం బడుల్లో ఇంటర్నెట్ ఉన్నాయి. ఏడాది కిందట అవి 57.2, 53.9 శాతమే. వేగం బాగానే ఉంది. 2025లో తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో వెనకబడిన పిల్లలకు ఏఐ సాయంతో తెలుగు, లెక్కలు నేర్పే కార్యక్రమం కూడా మొదలైంది. కంప్యూటర్లు లేని ప్రాథమిక బడి పిల్లలను దగ్గర్లోని హైస్కూలు ల్యాబుకు తీసుకెళ్లి కూర్చోబెట్టడం అందులో ఒక పద్ధతి. మైదానంలో అది నాలుగు వీధుల అవతల. అప్పాపూర్ లాంటి పెంట నుంచి 'దగ్గర్లోని హైస్కూలు' అంటే అడవి దాటాలి.

ఆ పిల్లల్ని ల్యాబు దగ్గరికి తీసుకెళ్లలేకపోతే, ల్యాబే పిల్లల దగ్గరికి రావచ్చు. ఒక సౌర పలక, ఒక బ్యాటరీ, ఒక టీవీ, ఇరవై ట్యాబ్‌లు, ఏటీఎం కార్డంత కంప్యూటర్. అన్నీ కలిపినా ఒక జీపులో పడతాయి. అదే జీపులో మెకానిక్కుకూ ఓ సీటుండాలి. ఒకసారికి కాదు, ప్రతి మూడు నెలలకూ.